ఓబీ డంపు మీద మొక్కలు, మట్టి కోత: తనిఖీలో అసలు ఏం చూడాలి?

ఖని_పర్యావరణం:
అందరికీ నమస్తే. రామగుండం వైపు ఒక పాత ఓబీ డంపు (బొగ్గు మీది నుంచి తవ్విపోసిన మట్టి, రాళ్ల గుట్ట) తనిఖీ చేయాల్సి ఉంది. విస్తీర్ణం 22 హెక్టార్లు, ఎత్తు 90 మీటర్లు, 30 మీటర్ల చొప్పున మూడు అంచెలు. నాలుగేళ్ల కింద వానాకాలంలో మొక్కలు పెట్టారు. ఎక్కువ సుబాబుల్, గ్లైరిసిడియా, సీమ తంగేడు, మధ్యమధ్య కానుగ, వేప. చేతికిచ్చిన ఫార్మాట్‌లో నాలుగే గళ్లున్నాయి: ఎన్ని పెట్టారు, ఎన్ని బతికాయి, ఫొటో, కోత ఉందా లేదా. రోడ్డు మీద నుంచి చూస్తే గుట్టంతా పచ్చగానే ఉంది. ఈ రిపోర్టు మైన్ క్లోజర్ క్లెయిమ్‌కి (గని మూసివేత పనుల కోసం డిపాజిట్ చేసిన డబ్బు తిరిగి అడిగే దరఖాస్తుకి) జతచేస్తారు కాబట్టి నాలుగు గళ్లు నింపి పంపడానికి మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొలవాలి, ఎప్పుడు వెళ్లాలి?

నీటిదారి:
మొక్కల సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి చూడండి. డంపు పైకెక్కి, వాన చుక్క పడ్డచోటు నుంచి కింద సెటిలింగ్ పాండ్ (ఒండ్రు దిగే చెరువు) దాకా నీళ్లు ఏ దారిన పోతున్నాయో ఆ దారి వెంబడే నడవండి. కింద నుంచి పైకి వెళ్తే గండి మాత్రమే కనిపిస్తుంది, అది ఎందుకు పడిందో కనిపించదు. పై నుంచి దిగితే ముందు కారణం కనిపిస్తుంది, తర్వాత గండి.

రెండుసార్లు వెళ్లాలి. ఒకటి జులై, ఆగస్టుల్లో, గట్టి వాన పడ్డ మర్నాడు. రెండోది మే నెలాఖర్లో. అక్టోబరులో వెళ్తే ప్రతి డంపూ బాగానే కనిపిస్తుంది. వయ్యారిభామ, వెంపలి, ఏకవార్షిక గడ్డి అన్నీ కలిసి గుట్టను కప్పేస్తాయి. సంక్రాంతి దాటాక అదంతా ఎండిపోతుంది. రోహిణి ఎండల్లో నిలిచినదే లెక్క.

పైన, అంటే డంపు తల మీద చూడాల్సింది: అంచు వెంబడి కట్ట ఉందా, నీళ్లు అంచు వైపు కాకుండా లోపలికి వాలుతున్నాయా. ప్రతి బెంచి (అంచెల మధ్య వదిలిన చదును మెట్టు) కూడా గుట్ట వైపుకే వాలాలి. వాలు నూటికి రెండు, మూడు చాలు. కట్టినప్పుడు అలాగే ఉంటుంది. తర్వాత డంపు దిగుతుంది. వదులుగా పోసిన మట్టి కదా, అంతటా ఒకే రీతిన దిగదు. ఒకచోట బెంచి బయటికి వాలుతుంది, ఇంకోచోట గుంట పడుతుంది. గుంటలో నిలిచిన నీళ్లు లోపలికి ఇంకి అంచు పక్కన నెర్రె తెరుస్తాయి, లేదా కట్టలో బలహీనమైన చోట ఒక్కసారిగా దూకుతాయి. పెద్ద గండ్లు చాలావరకు ఇలా పుట్టినవే. ఆ గండిలో ఎన్ని మొక్కలు పెట్టినా మళ్లీ కొట్టుకుపోతాయి, ఎందుకంటే తప్పు 30 మీటర్ల పైనున్న బెంచిలో ఉంది.

తర్వాత రాతి దిగుడు కాలువలు. రాళ్లు ఉన్నాయా లేవా అని కాదు, కాలువ పక్క గోడకూ మట్టికీ మధ్య సందు ఉందా అని చూడండి. చేతికర్ర పక్కన గుచ్చితే సులువుగా దిగబడిందంటే నీళ్లు కాలువలో కాకుండా పక్క నుంచి పోతున్నాయన్నమాట.

బెంచి_లెవెల్:
నీటిదారి గారు చెప్పిన బెంచి వాలుకు డంపీ లెవెలో ఆటో లెవెలో పట్టుకెళ్లండి. కంటి అంచనా గుట్ట మీద పనికిరాదు, ఒక పక్క 30 మీటర్ల వాలు ఉంటే చదునుగా ఉన్నది కూడా లోపలికి వాలినట్టే అనిపిస్తుంది. 25 మీటర్లకో అడ్డుకోత (క్రాస్ సెక్షన్) తీసి అంచు, మధ్య, లోపలి కాలువ మూడుచోట్లా రీడింగ్ రాసుకుంటే చాలు. ఏ అడ్డుకోతలో అంచు మట్టం లోపలి కంటే కిందికి వచ్చిందో, ఆ చోటు కిందనే గండి ఉంటుంది. దిగి చూసుకోండి.

వాన పడ్డ మర్నాడు మాత్రం నెర్రెలున్న అంచుకి దగ్గరగా నిలబడి కొలవకండి. ఒక్కరే వెళ్లకండి కూడా.

ఖని_పర్యావరణం:
ధన్యవాదాలు సార్. ఒక అనుమానం. ఈసీ (పర్యావరణ అనుమతి) షరతుల్లో వాలు 28 డిగ్రీలు మించరాదని ఉంది. ఫేసు (ఒక్కో అంచె ఏటవాలు పక్క) మీద ఫోను పెట్టి చూస్తే 36, 37 వస్తోంది. ఉల్లంఘన అని రాయాలా?

బెంచి_లెవెల్:
ఆగండి, అలా రాస్తే మీ రిపోర్టు మొదటి పేజీలోనే పక్కకి పోతుంది. 28 డిగ్రీలనేది మొత్తం వాలు, అడుగు అంచె పాదం నుంచి పై అంచె అంచు దాకా గీసిన గీతది. డంపరు నుంచి జారవిడిచిన మట్టి సహజంగా నిలిచే కోణమే 37 దగ్గర. బెంచీల వెడల్పుతో కలిపి అది 28కి తగ్గాలి.

మీ డంపుకే లెక్క వేద్దాం. 90 మీటర్ల ఎత్తు 28 డిగ్రీల్లో రావాలంటే అడ్డంగా సుమారు 169 మీటర్లు కావాలి. 37 డిగ్రీల ఫేసు 30 మీటర్ల ఎత్తుకి 40 మీటర్లు తింటుంది, మూడింటికి 120. మిగిలిన 49 మీటర్లు మధ్యలోని రెండు బెంచీలకి, అంటే ఒక్కోటి దాదాపు 25 మీటర్లు. ఇప్పుడు టేపు పట్టి కొలవండి. 15 మీటర్లే వచ్చిందంటే మొత్తం వాలు 31 డిగ్రీలైంది. అప్పుడు రాయండి ఉల్లంఘన అని, అంకెతో సహా. బెంచి అంచు కోసుకుపోయి వెడల్పు తగ్గడం, కింద పాదం దగ్గర మట్టి చేరడం, రెండూ ఉంటాయి కాబట్టి డిజైన్ పటంలోని వెడల్పు రాసేయకుండా ఇవాళ్టిది కొలవాలి.

ఇంకో సంగతి. 37 డిగ్రీల ఫేసు పొడవు వాలు వెంబడి 50 మీటర్లు. మధ్యలో ఏ అడ్డూ లేకుండా 50 మీటర్లు నీళ్లు దిగితే కింది మూడో వంతులో చాళ్లు పడక మానవు. కోత ఎక్కడ చూడాలంటే మొదట అక్కడే.

మద్దిచెట్టు:
ఇక మొక్కల లెక్క. హెక్టారుకు 2500 మొక్కలు పెట్టారనుకుంటే 2 మీటర్ల ఎడం, పది మీటర్ల చదరంలో 25 మొక్కలు. ఈ చదరాలనే ప్లాట్లుగా తీసుకోండి. 22 హెక్టార్లకు పాతిక ప్లాట్లు వేస్తే ఒక శాతం కొద్దిగా దాటుతుంది, అంతకు తగ్గించవద్దు. అన్నీ హాల్ రోడ్డు (డంపర్లు తిరిగే దారి) పక్కన వేసే అలవాటు ఉంది, అక్కడ ట్యాంకరు నీళ్లు పడతాయి కాబట్టి మొక్క బాగుంటుంది. తల, బెంచీలు, ఫేసులు వేర్వేరుగా పంచి, ఫేసుల్లో మళ్లీ దక్షిణం, పడమర దిక్కులకు విడిగా వేయండి. ఎండ దెబ్బ అక్కడే తగులుతుంది.

ఫేసు మీద ప్లాటు వేసేటప్పుడు వాలు వెంబడి 10 మీటర్లు కొలిస్తే అది పటంలో 8 మీటర్లే. విస్తీర్ణం పటం ప్రకారం తీసుకుంటారు కనుక 37 డిగ్రీల్లో 12.5 మీటర్లు కొలవాలి. ఇది పట్టించుకోకపోతే హెక్టారు లెక్క ఐదో వంతు తప్పుతుంది.

బతికిన శాతం అన్న మాటను అసలు నమ్మకండి. ఏటేటా చచ్చినచోట కొత్తవి పెట్టి నాలుగో ఏట లెక్కిస్తే 90 శాతం వస్తుంది. మొదలు మందం చూడండి. నాలుగేళ్ల కానుగ, నిరుడు పెట్టిన కానుగ పక్కపక్కనే ఉంటే తెలిసిపోతుంది. రిజిస్టరులో గ్యాప్ ఫిల్లింగ్‌కి ఎన్ని మొక్కలు వచ్చాయో అడిగి తీసుకుని, బతికినవాటిని నాలుగేళ్లలో నాటిన మొత్తంతో భాగించండి. చచ్చిన మొక్కల్ని నాలుగైదు పీకి చూడండి. వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే నర్సరీ కవరులో ఎక్కువ కాలం ఉంచిన మొక్క. కవరే ఇంకా వేరుకు చుట్టుకుని ఉంటే చెప్పేదేముంది. వేరు కింద ఒక్కసారిగా పక్కకి తిరిగి ఉంటే గుంత అడుగు గట్టి.

నల్లరేగడి:
ఆ గట్టిదనం గురించి. డంపు తల మీద పెద్ద డంపర్లు నెలల తరబడి తిరిగి ఉంటాయి. దాన్ని 60 సెంటీమీటర్ల లోతు రిప్పరుతో చీల్చకుండా 45 సెంటీమీటర్ల గుంతలు తవ్వి నాటితే ప్రతి గుంతా ఒక పూలకుండీయే. వానల్లో వేరు కుళ్లుతుంది, వేసవిలో గుంతలోని తేమ అయిపోగానే మొక్క ఆగిపోతుంది. రెండు గుంతల మధ్య నేలలో గునపం వేసి చూడండి. బల్క్ డెన్సిటీ (మట్టి ఎంత దట్టంగా ఉందో) ఘనపు సెంటీమీటరుకు 1.7 గ్రాములు దాటిందంటే వేరు దిగడం కష్టం. ఫేసుల మీద దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అక్కడ మట్టి మరీ వదులు, నీళ్లు నిలవవు.

రెండోది, నల్లటి మచ్చలు. షేలు, బొగ్గు ముక్కలు కలిసిన ఓబీ పైకి వచ్చినచోట నేల నల్లగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం అది 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది, మొలక నిలవదు. అంతకన్నా ముఖ్యం, గుండ్రంగా ఒకచోట మాత్రమే చెట్లు ఎండిపోయి, తెల్లవారుజామున అక్కడ ఆవిరి కనిపిస్తే, కాలిన వాసన వస్తే లోపల బొగ్గు సెగలు కక్కుతోందని అర్థం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పొద్దున్నే పెట్టి పక్క నేలతో పోల్చండి. అది మొక్కల సమస్య కాదు, గాలి ఆడకుండా మట్టి కప్పి దట్టించాల్సిన పని. దాని మీద నడవనివ్వొద్దు ఎవరినీ.

మూడోది, సొరంగ కోత. పైకి ఏమీ ఉండదు, బెంచి మీద బిందె పట్టేంత రంధ్రం, కింద ఫేసులో ఎక్కడో బురద ఊట. సోడియం ఎక్కువున్న బంకమట్టి నీళ్లలో విడిపోతే ఇలా జరుగుతుంది. పరీక్ష చిన్నదే: గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, శనగగింజంత మట్టి పెళ్ల కదల్చకుండా వేయండి. పెళ్ల విరిగిపోయినా నీళ్లు తేటగా ఉంటే భయం లేదు. పది నిమిషాల నుంచి గంట లోపు పెళ్ల చుట్టూ పాల మబ్బు కమ్ముకుంటే అది విడిపోయే రకం. కుళాయి నీళ్లతో చేయకండి, అందులోని లవణాలు మబ్బు రానివ్వవు. అలాంటి మట్టి ఉన్నచోట నీళ్లు నిలిపే కందకాలు, ఇంకుడు గుంతలు తవ్వించడం చేజేతులా గండి పెట్టుకోవడమే. జిప్సం మోతాదు ల్యాబు రిపోర్టు చూసి వేయాలి.

పచ్చగుట్ట:
అందరూ లోపాలే చెబుతున్నారు. ఏ ఆకూ మొలవని ఇసుకరాయి గుట్ట మీద మూడేళ్లలో నీడ తెచ్చింది సుబాబులే కదా. నత్రజని ఇస్తుంది, నరికినా చిగురిస్తుంది, విత్తనం చల్లితే చాలు. ఏగిస, నల్లమద్ది పెట్టి పదేళ్లు ఎదురుచూస్తే అప్పటికి డంపు మీద మట్టే మిగలదు.

మద్దిచెట్టు:
అన్నా, సుబాబుల్ తెచ్చిన నీడను కాదనడం లేదు. ఆ నీడ కింద ఏముందో కూర్చుని చూడమంటున్నా. సుబాబుల్ ఆకు చిన్నది, తొందరగా కుళ్లి మాయమవుతుంది. కొమ్మలు కలిసి గొడుగు మూసుకున్నాక కింద గడ్డి రాదు, మేకలు మిగిలింది మేస్తాయి, నేల బోసిగా ఉంటుంది. పైన వంద శాతం పచ్చదనం, కింద కొమ్మల నుంచి జారే చుక్కలకు చాళ్లు. ఆస్ట్రేలియా తుమ్మ దీనికి వ్యతిరేకం, దాని ఆకు నెలల తరబడి కుళ్లదు, నేలను కప్పి కోతను బాగానే ఆపుతుంది, కానీ ఏప్రిల్‌లో ఒక అగ్గిపుల్ల చాలు.

అందుకే నేల కప్పుదలను వేరుగా కొలవాలి. 30 మీటర్ల టేపు పరచండి. ప్రతి 30 సెంటీమీటర్లకు టేపు అంచున సూటిగా కిందికి చూడండి: గడ్డా, రాలిన ఆకా, రాయా, బోసి మట్టా. వంద చూపులు, నేరుగా శాతం వస్తుంది. చెట్టు కొమ్మను లెక్కలో వేయకండి. మే నెలలో గడ్డి, ఆకు, రాయి కలిపి 70 దాటితే కోత బాగా తగ్గుతుంది. 40 లోపు ఉంటే చెట్లెన్ని ఉన్నా ఆ ఫేసు నిలవలేదనే రాయాలి.

ఇంకొకటి: ఎవరూ నాటని మొక్కలు. పక్షులు తెచ్చిన వేప, నేరేడు, గాలికొచ్చిన నెమలినార, మోదుగ, జంతువులు తెచ్చిన రేల మొలకలు ప్లాటుకు ఎన్ని? అవి వస్తున్నాయంటే నేల తయారవుతోంది. సుబాబుల్ పిల్లలు, సర్కారు తుమ్మ, పులికంప మాత్రమే వస్తున్నాయంటే కాదు. గడ్డి గురించి 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది, తవ్విన నేల మీద తిరిగి గడ్డి మొలిపించాలని. ఆ షరతు ఈసీలో ఉంటుంది. స్టైలో హమాటా (పప్పుజాతి మేత మొక్క), అంజన్ గడ్డి, గరిక ఏమున్నాయో రాసేందుకు ఒక గడి మీరే చేర్చండి.

పచ్చగుట్ట:
సుబాబుల్‌ని వరుస విడిచి వరుస నరికి, ఆ కొమ్మల్ని అడ్డంగా పరిచి, మధ్యలో స్థానిక జాతులు నాటితే రెండూ కుదురుతాయి. అదీ రాయండి రిపోర్టులో, కేవలం సుబాబుల్ వద్దని రాస్తే ఉన్నవి నరికి మళ్లీ మొదటికి తెస్తారు.

మద్దిచెట్టు:
దానికి ఒప్పుకుంటా. గొడుగు తెరవడం కార్తె చూసుకుని చేయాలి, మృగశిర, ఆరుద్రల్లో. మార్చిలో నరికితే కింద నేల మాడిపోతుంది.

నీటిదారి:
కోత "ఉంది / లేదు" గడికి బదులు ఇది చేయండి. ఫేసు మీద అడ్డంగా, ఒకే మట్టంలో 20 మీటర్ల తాడు పట్టండి. తాడు కింద ఎన్ని చాళ్లు, ఒక్కోటి వెడల్పెంత, లోతెంత. ఉదాహరణకు 14 చాళ్లు, సగటు వెడల్పు 12 సెంటీమీటర్లు, లోతు 8. కోత అడ్డు విస్తీర్ణం 0.134 చదరపు మీటర్లు. వాలు పొడవు 50 మీటర్లతో గుణిస్తే 6.7 ఘనపు మీటర్లు, అది వెయ్యి చదరపు మీటర్ల మీద. హెక్టారుకు 67 ఘనపు మీటర్లు, టన్నుల్లో దాదాపు వంద. చాళ్లు పైన సన్నం, కింద వెడల్పు కాబట్టి పైన, మధ్య, కింద మూడుచోట్ల తాడు పట్టి సగటు తీయాలి. కింద ఒక్కచోటే పడితే లెక్క రెట్టింపు చూపిస్తుంది. 30 సెంటీమీటర్ల లోతు దాటినవాటిని చాళ్లలో కలపకండి, అవి గండ్లు, ఒక్కోదాన్ని విడిగా జీపీఎస్‌తో గుర్తించండి.

చాళ్లు లేకుండా పొరపొరగా పోయే మట్టికి ఇనుప పుల్లలు. 10 మి.మీ. కడ్డీ, 60 సెంటీమీటర్లు, పది సెంటీమీటర్లు పైకి కనిపించేలా కొట్టండి. వచ్చే ఏడు ఎంత బయటపడిందో కొలవడమే. 1 మి.మీ. నేల తగ్గితే హెక్టారుకు 15 టన్నులు పోయినట్టు. కడ్డీ చుట్టూ నీళ్లు గుంట చేసి ఉంటే ఆ రీడింగు వదిలేయండి. కొస మీద ఎర్ర రంగు వేయకపోతే రెండో ఏడు దొరకవు. ఇనుము కాబట్టి వేసినా కొన్ని దొరకవు, అది వేరే విషయం.

గార్లాండ్ డ్రెయిన్ (డంపు చుట్టూ తవ్విన కాలువ) లెక్క కూడా చూసుకోండి. గంటకు 50 మి.మీ. వాన, 22 హెక్టార్లు, అరవై శాతం పారితే సెకనుకు 1.8 ఘనపు మీటర్లు. నీళ్ల వేగం 1.5 మీటర్లు అనుకుంటే 1.2 చదరపు మీటర్ల అడ్డుకోత కావాలి. మీటరున్నర వెడల్పు, మీటరు లోతు కాలువ సరిపోతుంది. అందులో 40 సెంటీమీటర్లు ఒండ్రు చేరితే మిగిలింది 0.9, ఇక చాలదు, పొర్లి టో వాల్ (డంపు పాదం దగ్గరి గోడ) వెనక్కి పోతుంది. అన్ని నీళ్లూ ఒకే దిక్కుకు వస్తున్నాయా, రెండు దిక్కులా పంచుకుంటున్నాయా చూసి వేసుకోండి.

టో వాల్‌లో నీళ్లు కారే రంధ్రాలు మూసుకున్నాయేమో చూడడం మరవద్దు. గోడ ఉబ్బి ఉందంటే వెనక నీళ్లు నిలిచాయని.

డ్రోన్_కన్ను:
పటాలు గీయించేవాళ్లకు ఒక మాట. సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు పది మీటర్ల పిక్సెల్‌తో ఐదురోజులకోసారి ఉచితంగా దొరుకుతాయి. అక్టోబరు ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక), ఏప్రిల్ ఎన్‌డీవీఐ రెండూ పక్కపక్కన పెట్టండి. అక్టోబరులో ఎక్కువ ఉండి ఏప్రిల్‌కు పడిపోయేది కలుపు. రెండింట్లోనూ నిలిచేది చెట్టు. కానీ చెట్టు కింద నేల దానికి కనిపించదు, మద్దిచెట్టు గారు చెప్పిన టేపు పనిని ఇది తప్పించదు. ప్లాట్లు ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి వాడుకోండి, ఫలితం రాయడానికి కాదు. నిటారు ఫేసుల మీద నీడ కూడా తప్పుదారి పట్టిస్తుంది.

అపలాచియా_తెలుగు:
అమెరికాలో ఈ పద్ధతి ఎలా ఉందో పోల్చుకోవడానికి రాస్తున్నా. గని నేలల పునరుద్ధరణ మీద వచ్చిన 1977 చట్టం ప్రకారం గని కంపెనీ ముందుగా పూచీగా పెట్టిన బాండు డబ్బు మూడు దఫాలుగా వదులుతారు. నేల సరిచేసి నీటి పారుదల కుదిరాక 60 శాతం దాకా. మొక్కలు నిలిచాక మరికొంత. ఏటా 26 అంగుళాలకు మించి వాన పడే ప్రాంతాల్లో ఐదేళ్లు, అంతకు తక్కువ పడేచోట పదేళ్లు గడిచాక మిగిలింది. కప్పుదల నిర్ణయించిన ప్రమాణంలో 90 శాతమైనా ఉండాలి, అదీ గణాంక పద్ధతిలో నిరూపించాలి. మన వాళ్లకు పనికొచ్చే ముక్క ఏంటంటే, మధ్యలో మళ్లీ విత్తనం చల్లినా, ఎరువు వేసినా, నీళ్లు పెట్టినా ఆ ఐదేళ్ల గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ రిజిస్టరులో గ్యాప్ ఫిల్లింగ్, ట్యాంకరు నీళ్లు ఆగిపోయిన తేదీ వెతికి రాయండి. ఆ తేదీ నుంచి ఎన్ని వేసవులు దాటాయన్నదే అసలు వయసు.

ఖని_పర్యావరణం:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. తల మీద అంచు వెంబడి ఇవాళ నడిచాను, రెండుచోట్ల కట్ట తెగి ఉంది, వాటి కిందనే గండ్లు. మరమ్మతు సూచనల్లో ఏం రాయాలి? కాయిర్ మ్యాట్ వేయాలని గుత్తేదారు అంటున్నారు.

నీటిదారి:
వరుస తప్పకూడదు. ముందు కట్ట, బెంచి వాలు సరిచేసి నీళ్లను రాతి కాలువకు మళ్లించాలి. తర్వాతే గండి. గండిని వదులు మట్టితో నింపితే మొదటి వానకే ఖాళీ. రాళ్లతో అడ్డుకట్టలు వేయాలి, కింది కట్ట తల పై కట్ట పాదానికి సమానంగా ఉండేలా. గండి అడుగు వాలు నూటికి 20 ఉండి, కట్ట మీటరు ఎత్తైతే 5 మీటర్లకొకటి. కట్ట మధ్య భాగం పక్కల కంటే తక్కువ ఎత్తులో ఉండాలి, లేకుంటే నీళ్లు పక్కలు కోసుకుని పోతాయి.

కాయిర్ మ్యాట్ మంచిదే, చాళ్లను చదును చేశాక వేస్తే. ఎగుడుదిగుడు మీద వేస్తే డేరాలా లేచి ఉంటుంది, నీళ్లు దాని కిందనే పారతాయి. చెయ్యి పెట్టి నొక్కితే మ్యాట్ నేలకు ఆనుతోందా లేదా తెలుస్తుంది. పై అంచును 30 సెంటీమీటర్ల కందకంలో పూడ్చి మట్టి దట్టించారా చూడండి, ఎక్కువచోట్ల మేకులు కొట్టి వదిలేస్తారు. కాయిర్ రెండు మూడేళ్లలో పోతుంది. ఆలోగా గడ్డి పట్టుకోకపోతే పెట్టిన డబ్బు పోయినట్టే, అందుకే గడ్డి విత్తనం లేకుండా మ్యాట్‌కు బిల్లు ఒప్పుకోవద్దు.

వట్టివేరు వరుసలైతే పిలకకు పిలక 10 నుంచి 15 సెంటీమీటర్లు. నిలువు తేడా 2 మీటర్లు అంటే ఆ ఫేసు మీద వాలు వెంబడి 3.3 మీటర్లకో వరుస. వరుస మట్టం తప్పితే అదే నీళ్లను ఒక మూలకు చేరుస్తుంది.

బెంచి_లెవెల్:
ఫొటోలకు కూడా స్థిరమైన గూటాలు పాతించండి. గూటం నంబరు, కెమెరా చూసే దిక్కు డిగ్రీల్లో, నెల. వచ్చే ఏడు తనిఖీకి వేరేవాళ్లు వచ్చినా అదే చోటు నుంచి తీయాలి.

ఖని_పర్యావరణం:
చివరగా ఒకటి. సెటిలింగ్ పాండ్ సగానికి పైగా ఒండ్రుతో నిండింది. బయటికి పోయే నీటి నమూనా రిపోర్టులన్నింట్లో నీళ్లలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపే ఉంది. తీసిన ఒండ్రును బెంచి మీద పోస్తే మొక్కలకు మంచిదంటున్నారు, నిజమేనా?

నల్లరేగడి:
ముందు ఆ నమూనాల తేదీలు వాన రికార్డుతో పోల్చండి. ఎండకాసిన రోజున తీస్తే ఏ చెరువు నీళ్లయినా తేటగానే ఉంటాయి. వాన పడుతుండగా, పొర్లు దగ్గర తీసిన నమూనా ఒక్కటైనా కావాలి. సగం నిండిన పాండ్‌లో నీళ్లు ఆగే సమయం కూడా సగమే, సన్నటి బంక అసలు దిగదు. ఒండ్రు మృగశిరకు ముందే తీయించండి. అది సన్న మట్టి కాబట్టి ఫేసుల మీదా, బెంచి అంచునా పోస్తే మొదటి వానకే తిరిగి పాండ్‌లోకి వస్తుంది. డంపు తల మీద రిప్పరు వేసిన చాళ్లలో, మొక్కల గుంతల్లో పశువుల ఎరువుతో కలిపి వేయించండి. వేసే ముందు అందులోంచి కూడా ఒక పెళ్ల తీసి గ్లాసు పరీక్ష చేయండి.